ఎండలో పెట్టిన వీణ

విజయనగరం ప్లీడరు వేంకటాచలానికి భార్య చూడామణి వీణ అంటే గౌరవమే. కారంటే మాత్రం ప్రాణం. ఒక జమీందారు వారసులు వదిలించుకున్న పాత ఇంగ్లీషు స్పోర్ట్సు కారది. ఎర్రది, టాపు లేనిది, ఇద్దరే పట్టేది. అరవయ్యెనిమిది చైత్రంలో అరసవల్లిలో ఆమె కచేరీ కుదిరింది. బస్సులో వెళతానన్నా వినకుండా ఆ కారులోనే బయల్దేరదీశాడు. వీణని గుడ్డలో చుట్టి సీట్ల వెనక సర్దుకున్నారు.

రణస్థలం దాటాక బండి నీరసించి ఆగిపోయింది. ఇంజను ఆడుతోంది గాని, ఎంత తొక్కినా ఊపందుకోదు. బానెట్టు ఎత్తి చూస్తే యాక్సిలరేటరు కేబులు తెగిపోయి ఉంది. చూడామణి ముఖం ఎండకి కందిపోతుంటే, రోడ్డుపక్క ఇంటి గురమ్మ అనే రైతు ఆవిడ లోపలికి పిలిచి నీడపట్టున కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది.

పనిముట్ల సంచి వీణ కింద ఉంది. వేంకటాచలం వీణని బయటికి తీసి కల్వర్టు గోడమీద పెట్టాడు. సంచిలో కేబులుకి బదులు పనికొచ్చేదేమీ దొరకలేదు. అప్పుడతని చూపు వీణమీద పడింది. గుడ్డ విప్పి, తీగలు బిగించే బిరడాలు వదులు చేసి, రెండు ఉక్కు తీగలు లాగేశాడు. వాటిని మెలేసి కట్టడంలో, జారిపోతే మళ్లీ కట్టడంలో లోకం మర్చిపోయాడు. చివరికి పెడలు తొక్కగానే ఇంజను గర్జించింది. చూడామణి ఎంత మెచ్చుకుంటుందో అనుకున్నాడు.

ఆ వేళకే గురమ్మ నీళ్లకని రోడ్డుమీదికొచ్చి, చూసి, వెనక్కెళ్లింది.

"అమ్మా, ఎర్రకారు కాడ ఏటో పెద్ద సామాను ఎండలో ఎట్టేసినారు. మీదేనా?"

చూడామణి చెప్పులైనా వేసుకోకుండా వచ్చింది. వీణమీద చెయ్యి వేసి అలాగే నిలబడింది. మెట్లని పట్టి ఉంచే మైనం మెత్తబడి, ఇత్తడి మెట్లు ఒరిగిపోయాయి. తన ఉపాయం గురించి ఉత్సాహంగా చెప్పబోయిన వేంకటాచలం ఆగిపోయాడు.

"వేరే తీగలు నా దగ్గర ఉన్నాయండీ," అందామె. "ఒక్కమాట అడిగితే ఇచ్చేదాన్ని."

వీణని మళ్లీ గుడ్డలో చుట్టుకుంది. తిట్టినా బాగుండుననిపించింది అతనికి.

అరసవల్లిలో కచేరీ పెట్టించిన నరసింగరావుతో, వీణ ఎండకి చెడిందని మాత్రం చెప్పింది. ఎండలో పెట్టిందెవరో చెప్పలేదు. పందిట్లో ఇంకెవరో పాడుతుంటే వెనక వరసలో కూర్చుంది. బయట కారు చుట్టూ జనం మూగారు. బానెట్టు కింద మెలేసిన తీగలు చూసి, వీణ తీగలతో కారు నడిపించిన బుర్ర ఎవరికుంటుందని వేంకటాచలాన్ని పొగిడారు. పొద్దున్నైతే పొంగిపోయేవాడే. ఇప్పుడు తలెత్తలేకపోయాడు.

"ఆ తీగలు అడక్కుండా లాగాను," అన్నాడు. "వీణని ఎండలో పెట్టి పాడుచేసిందీ నేనే."

హాస్యమనుకుని నవ్వారు. మైనానిదేముంది, మళ్లీ పోయించుకోవచ్చు, దారిలో చిక్కుకోలేదు అదే చాలు అన్నాడు నరసింగరావు. ఇంకొకరి వీణ అయ్యుంటే వేంకటాచలమూ సరిగ్గా అదే మాట అనేవాడు.

మర్నాడు బొబ్బిలి వెళ్లి వీణకి కొత్తగా మెట్లు వేయించుకుంటానంది చూడామణి. బస్సులో వెళతానంది. కారు నరసింగరావు వాకిట్లో వదిలేసి అతనూ బస్సెక్కాడు. బస్సు కిటకిటలాడుతోంది. వీణని ఒళ్లో అడ్డంగా పెట్టుకుని, కుదుపు కుదుపుకీ రెండు చేతులతో కాస్తోంది ఆమె.

"కాసేపు నేను పట్టుకోనా?" అన్నాడు.

"వద్దండీ."

కోపంగా అనలేదు. అతను మళ్లీ అడగలేదు.