నవ్వాడు గానీ జవాబు చెప్పలేదు

లక్షల మంది అతన్ని స్క్రూ బావ అని పిలిచేవాళ్లు. టైర్ల దుకాణం మీద ఒకే ఒక్క గది, ఒక బల్ల, బల్ల మీదికి వంగిన దీపం, గోడ మేకులకు వేలాడే స్క్రూడ్రైవర్లు, ఎదురుగా స్టాండు మీద ఫోను. ఇదీ అతని సామ్రాజ్యం. మిక్సీ, ఫ్యాను, ఇస్త్రీపెట్టె, పాడైనది ఏది చేతికిచ్చినా కబుర్లు చెబుతూ విప్పి, నవ్విస్తూ బిగించేవాడు. చూసేవాళ్లలో సగానికి పైగా ఆడవాళ్లే. "బావా అనండి, మొహమాటం వద్దు" అని మొదట్లో తనే అన్నాడు. అందరూ అలాగే అన్నారు. ఒక్క టైలరమ్మ మాత్రం తమ్ముడూ అనేది.

టైలరమ్మకు నలభై అయిదేళ్లు ఉంటాయి. ఒకసారి ఆవిడ కుట్టుమిషను మోటారు ఆగిపోయింది. మెకానిక్కు రేపు, మాపు అంటూ తిప్పుకుంటే విసిగిపోయి, స్క్రూ బావ వీడియో చూసి మోటారు లోపల అరిగిపోయిన కార్బన్ బ్రష్షులు తనే మార్చుకుంది. మిషను మళ్లీ చప్పుడు చేసిన ఆ పూట ఆవిడ చేసిన హడావుడి గురించి భర్త ఇప్పటికీ నవ్వుతూ చెబుతాడు. ఆ కృతజ్ఞతతోనే మూడేళ్లుగా అతని అభిమానుల గ్రూపును చూసుకుంటోంది. వెకిలి వ్యాఖ్యలు కనిపిస్తే తీసేస్తుంది. "ముందు మెయిన్ ఆపారా?" అని ప్రతి ఒక్కరినీ గద్దిస్తుంది. జీతం భత్యం లేని కొలువు.

ఒక ఆదివారం సాయంత్రం లైవ్‌లోకి ఒక నర్సు వచ్చింది. డ్యూటీ దిగి అప్పుడే ఇంటికి చేరినట్టుంది, మెడలో గుర్తింపు కార్డు కూడా తీయలేదు.

"మీరు చెప్పినట్టే మా ఫ్యానుకి ఉన్నదానికన్నా పెద్ద కెపాసిటర్ వేశానండి. వేగం బాగానే పెరిగింది. కానీ గంట తిరిగేసరికి దానికి జ్వరం వస్తోంది."

"జ్వరమా!" స్క్రూ బావ కుర్చీలో వెనక్కి వాలాడు. "థర్మామీటర్ పెట్టి చూశావా వదినా?"

"చూశాను. ఫ్యాను ఆపి, నుదుటి దగ్గర పట్టుకునే మిషను ఉంటుంది కదా, అది పెట్టాను. అంకె చూపించలేదు. దాని శక్తికి మించిపోయింది."

అతను బల్ల మీద తల వాల్చి పగలబడి నవ్వాడు. "మరి గోళీ వేశావా?" అన్నాడు. ఆవిడ ఇంకేదో అడగబోతుండగానే తర్వాతి కాల్ తీసుకున్నాడు.

మర్నాడు ఆ ముక్కను కత్తిరించి, వెనక నవ్వుల చప్పుడు కలిపి విడిగా పెట్టాడు. అతని వీడియోలు ఎన్నడూ చూడనివాళ్లు కూడా దాన్ని ఒకరికొకరు పంపుకున్నారు. నిజం చెప్పాలంటే మొదటిసారి చూసినప్పుడు టైలరమ్మ కూడా నవ్వింది. వారం తిరక్కుండా "వదినల ప్రశ్నలు" అని ఇంకో నాలుగు ముక్కలు వచ్చాయి.

ఆ తర్వాత గ్రూపు చల్లబడిపోయింది. రోజూ తెల్లారేసరికి ముప్పై నలభై ప్రశ్నలు ఉండే చోట రెండో మూడో కనిపిస్తున్నాయి. అవి కూడా మగవాళ్లవే. ఆడవాళ్లు మానేయలేదు, టైలరమ్మకు చాటుగా రాస్తున్నారు. "లైవ్‌లో అడగొద్దక్కా, నువ్వే కనుక్కుని చెప్పు." "నా పేరు చెప్పకు." ఒకామె రాసింది చదివి ఆవిడ కత్తెర కింద పెట్టేసింది. "ఇస్త్రీపెట్టె ముట్టుకుంటే జివ్వుమంటోంది అక్కా. అడుగుదామంటే నన్ను కూడా ముక్క కోసి పెడతాడేమోనని పదిరోజులుగా ఊరుకున్నాను."

టైలరమ్మ ముందు ఆమెకు ఇస్త్రీపెట్టె పక్కన పడేయమని చెప్పి, తర్వాత నర్సుకు ఫోన్ చేసింది.

"వార్డులో రోజూ ఉన్నదేనండి," అంది నర్సు. "రోగుల వెంట వచ్చినవాళ్లు కూడా మీ ఫ్యానుకి ఎలా ఉంది సిస్టర్ అంటున్నారు. పోనీ, నవ్వితే నవ్వాడు. నా ఫ్యాను సంగతేంటో మాత్రం చెప్పలేదు. దాని కిందే మా అమ్మ పడుకుంటుంది."

ఆ మాట టైలరమ్మకు ములుకులా దిగింది. నిజమే, ఇంతమంది నవ్వాం, ఒక్కరమైనా ఆ ప్రశ్నకు జవాబు వెతికామా? సాయంత్రం దుకాణం కట్టేసి, వీధి చివర మోటార్లకు తీగ చుట్టే ముసలాయన దగ్గరికి వెళ్లింది. విషయం విని ఆయన నవ్వలేదు. కాలిపోయిన ఫ్యాను మోటారు ఒకటి తీసి చేతిలో పెట్టాడు. తీగ చుట్టలు నల్లగా మాడి, పట్టుకుంటే పెచ్చులు ఊడుతున్నాయి.

"ఆ నర్సమ్మ సరిగ్గానే కనిపెట్టింది. ఫ్యాను మీద రాసిన అంకెకు మించిన కెపాసిటర్ వేస్తే ఇదే గతి. ఈ నెల్లో ఇలాంటివి ఏడు వచ్చాయమ్మా. ఎవడో వీడియోలో చెప్పాడట!"

మర్నాడు పొద్దున్నే ఆ మోటారును సంచీలో వేసుకుని టైలరమ్మ టైర్ల దుకాణం మెట్లెక్కింది. స్క్రూ బావ దీపం సర్దుకుంటున్నాడు.

"రండక్కా, రండి! చూశారా, మన ముక్కలు ఎలా దూసుకుపోతున్నాయో?"

"చూశాను తమ్ముడూ. నువ్వు కూడా ఇది చూడు." మాడిన మోటారు బల్ల మీద పెట్టి, ఎక్కడిదో చెప్పింది. అతని మొహంలో రంగు మారింది. అయినా తగ్గలేదు.

"పొరపాటు అయితే దిద్దుకుంటాను. కానీ ఆ నవ్వులంటారా, సరదాకి చేసినవి. వాళ్లు కూడా సరదాగానే తీసుకున్నారు."

"ఎవరు చెప్పారు నీకు?" ఆవిడ తన ఫోను తీసి అతని చేతిలో పెట్టింది. పేర్లు ముందే చెరిపేసి పెట్టుకుంది. "నీకు రావలసినవి, నాకు వచ్చాయి. చదువు."

అతను చదివాడు. వేలితో పైకి తోస్తూ పోయాడు, ఇస్త్రీపెట్టె దగ్గర వేలు ఆగిపోయింది. కింద ఎవరో టైరుకు గాలి కొడుతున్నారు. అతను ఫోను ఆవిడ వైపు తిప్పాడు.

"ఈమెకు ఏమీ కాలేదు కదా?"

"కాలేదు. అది నీ గొప్పా కాదు, నా గొప్పా కాదు. నాకు బతుకు మీద ధీమా ఇచ్చినవాడివి నువ్వు, తమ్ముడూ. మిషను విప్పడానికి వణికిన చేతులు ఇవి. అడగడానికే భయపడేలా చేశాక ఇక నువ్వు ఏం నేర్పుతావు? ఆ ముక్కలు ఉంటే నేనుండను. బెదిరింపు కాదు, నాకు మనసొప్పదు."

అతను తల వంచుకుని, "ఆ నర్సు నంబరు ఇస్తారా?" అన్నాడు.

"ఆవిణ్ని అడిగి ఇస్తాను."

నర్సు ఒప్పుకుంది. అతను ఆవిడకు క్షమాపణ చెప్పి, లైవ్‌లో అందరి ముందూ చెబుతానన్నాడు.

"వద్దు బాబూ," అంది నర్సు. "మళ్లీ నా మొహం అందరికీ గుర్తు చేయకు. ముందు ఆ కెపాసిటర్ వీడియో తీసెయ్. ఎంతమంది ఇళ్లలో తిరుగుతున్నాయో ఆ ఫ్యాన్లు!"

ఆ గంటలోనే వీడియో తీసేశాడు. అయిదు ముక్కలూ తీసేశాడు. సాయంత్రం లైవ్‌లో నవ్వు మొహం పెట్టలేదు. బల్ల మీద ఒక ఫ్యాను మోటారుకు పెద్ద కెపాసిటర్ తగిలించి, వేడి కొలిచే మీటరు పక్కన పెట్టి, గంటసేపు అంకె పెరగడం అందరికీ చూపించాడు. "నేను తప్పు చెప్పాను. తప్పని ఒకావిడ చెబితే వినకుండా నవ్వాను. ఆవిడ ఎవరని వెతక్కండి. మీ ఇంట్లో ఇలాంటిది ఉంటే వెంటనే ఆపి, పాతది వేయించుకోండి" అన్నాడు.

ఆడవాళ్లకు భయపడ్డాడని కొందరు ఎద్దేవా చేశారు. నవ్వించడం మానేశాడని వేలమంది వెళ్లిపోయారు. అతను వాళ్ల వెంట పడలేదు. నర్సు మాత్రం మళ్లీ లైవ్‌లోకి రాలేదు, రమ్మని ఎవరూ పిలవలేదు కూడా. వాళ్లమ్మ ఫ్యాను బాగైందని టైలరమ్మకు ఒక్క వాక్యం రాసింది.

ఇప్పుడు ఆదివారాలు టైలరమ్మ అతని పక్కనే కూర్చుంటుంది. ప్రశ్న ఆవిడే చదువుతుంది. చదవడం పూర్తయ్యేదాకా అతను నోరు విప్పకూడదని షరతు. మొదట్లో పెదవులు బిగబట్టి అవస్థ పడేవాడు, చూసేవాళ్లకు అది కూడా తమాషాగానే ఉండేది.

మొన్న ఒకావిడ నీళ్ల మోటారు గురించి ఏదో మెలిక ప్రశ్న అడిగింది. అతను రెండుసార్లు చదివించుకుని, బుర్ర గోక్కుని, "నాకు తెలీదండీ. తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అన్నాడు. లిఫ్టులు బాగుచేసే ఒకమ్మాయి లైవ్‌లోకి వచ్చి పది నిమిషాలు విడమరిచి చెప్పింది. అంతసేపూ లక్షల మంది ఎదుట స్క్రూ బావ పెన్సిలు పట్టుకుని, బుద్ధిగా రాసుకుంటూ కూర్చున్నాడు.