కిటికీ పక్క కుర్చీలు

మా అన్నయ్య దుర్గాప్రసాద్‌కి నేనంటే ప్రాణం. నా తలనొప్పంతా దాంతోనే.

రేపల్లెలో ఒక పాత ఆస్పత్రి మూసేస్తే, అక్కడి రెండు టేకు కుర్చీలు పాతసామాను కొట్లోకి వచ్చాయి. అరవై ఏళ్ల కిందటివి. నేలకి దగ్గరగా, వెనక్కి వాలి, కిందికి పోనుపోను సన్నబడే ఏటవాలు కాళ్లతో, ఎక్కడా ఒక్క పువ్వు చెక్కకుండా ఎంత ముచ్చటగా ఉన్నాయో! ఏ మహానుభావుడో వాటికి నల్ల పెయింటు పూశాడు. తెనాలి తెచ్చుకుని, నేను పాఠాలు చెప్పే బడికి సెలవుండే ప్రతి ఆదివారం ఉప్పుకాగితంతో రుద్దాను. గోళ్లు అరిగాక గానీ తేనెరంగు చెక్క బయటపడలేదు. అవిసె నూనె పట్టించి, పేము కొత్తగా అల్లించి, చీరాల నేతగుడ్డతో పల్చటి దిళ్లు కుట్టాను. గోడకి ఆనించకుండా కిటికీ పక్కన కాస్త వారగా వేసి, మధ్యలో చిన్న గుండ్రటి బల్ల పెట్టుకున్నాను. ఇల్లంతటిలో నాకు నచ్చినట్టు ఉన్న చోటు అదొక్కటే.

అన్నయ్య భట్టిప్రోలు నుంచి వచ్చి వాటిని చూశాడు. కూర్చోలేదు.

"ఏంటమ్మా, బావగారి వ్యాపారం బాగాలేదా?" అన్నాడు గొంతు తగ్గించి.

"బాగానే ఉందన్నయ్యా. ఇవి కావాలనే కొన్నాను."

"పాత కుర్చీలు కావాలని ఎవరు కొంటారే? నా దగ్గర దాపరికం ఏంటి?"

ఎంత చెప్పినా జాలిగా తల ఊపి వెళ్లిపోయాడు.

తర్వాతి వారం బడి నుంచి వచ్చేసరికి కుర్చీలు లేవు. హాలు నిండా మెరూన్ రంగు సోఫా సెట్టు. చేతులకి సింహం తలలు, పైన ప్లాస్టిక్ కవరు. మా ఆయన పాండురంగ దాని అంచున బిక్కుబిక్కుమంటూ కూర్చుని ఉన్నారు.

"మీ అన్నయ్య వ్యానులో తెచ్చాడు. పుట్టింటివాళ్లు పెడుతుంటే నేనెలా వద్దంటాను?"

"మరి నా కుర్చీలేవి?"

"పారేస్తానని పట్టుకెళ్లాడు."

నాకు ఒళ్లు మండిపోయింది. ఫోన్ చేస్తే అన్నయ్య ఎత్తలేదు. ఆదివారం పొద్దున్నే ట్రాలీ ఆటో మాట్లాడుకుని వేమూరు మీదుగా భట్టిప్రోలు బయల్దేరాను. దారిలో చెత్తకుప్ప కనిపించిన చోటల్లా నా కుర్చీల కాళ్ల కోసం వెతికాను.

అవి వరండాలో ఉన్నాయి. ఒకదాంట్లో అన్నయ్య కాళ్లు చాపుకుని పేపరు చదువుతున్నాడు. రెండోదాంట్లో మా వదిన సూర్యకుమారి చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. అన్నయ్య కుర్చీ చేతిమీద టీ గ్లాసు పెట్టిన తెల్లటి మచ్చ. ఏడుపొచ్చింది నాకు.

"పారేస్తానన్నావుగా?"

"పారేద్దామనే దించానమ్మా. ఊరికే ఒకసారి కూర్చున్నా. నా నడుం నొప్పి ఏమైపోయిందో ఏంటో!"

"అయితే నీ సోఫా నువ్వు తెచ్చుకో. నా కుర్చీలు నాకిచ్చెయ్యి."

వదిన చెయ్యి ఆగిపోయింది. "పుట్టింటివాళ్లు పెట్టింది వెనక్కి పంపుతావా దేవికా? నలుగురూ ఏమనుకుంటారు?"

అన్నయ్య మొహం చిన్నబోయింది. ఆ మొహం చూస్తూ ఇంకేం పోట్లాడను? అలాగని ఉత్తచేతులతో తిరిగొచ్చే మనిషినీ కాను.

"వదినా, ఒక్కసారి లేవండి" అన్నాను. ఆవిడ లేచిన కుర్చీని ఆటోలోకి ఎక్కించి, అన్నయ్య వైపు తిరిగాను.

"అది నువ్వు ఉంచుకో. తడిగుడ్డతో తుడవకు. ఎండలో వెయ్యకు. నెలకోసారి అవిసె నూనె రాయి. ఇంకోసారి దానిమీద టీ గ్లాసు కనిపించిందా, అదీ పట్టుకుపోతాను."

ఇంటికొచ్చాక కిటికీ పక్కన కుర్చీకి చోటు చెయ్యాలంటే సోఫాని తలుపు వైపు జరపాల్సి వచ్చింది. ఇప్పుడు మా తలుపు సగమే తెరుచుకుంటుంది.

మొన్న ఆదివారం సోఫా ఎలా ఉందో చూసి పోదామని అన్నయ్య వచ్చాడు. సగం తలుపులోంచి పక్కకి తిరిగి దూరి, సోఫాకేసి కన్నెత్తైనా చూడకుండా తిన్నగా వెళ్లి నా కుర్చీలో వాలాడు.

"అబ్బ! కాస్త కాఫీ ఇవ్వమ్మా" అని కళ్లు మూసుకున్నాడు. "సోఫా సుఖంగా ఉందా?"

"ఉందన్నయ్యా" అన్నాను. ఇంకెక్కడా చోటు లేక, ప్లాస్టిక్ కవరు కిర్రుమంటుంటే వెళ్లి సోఫాలో కూర్చున్నాను.