కునుకుల పేతురు

రెబెక్క రచయిత్రి కావాలని ఎన్నడూ అనుకోలేదు. తాండూరు రైల్వేస్టేషన్ దగ్గర ఇస్మాయిల్ నడిపే జిరాక్స్ షాపులో ఆమె పదకొండేళ్లుగా టైపింగ్ చేస్తోంది. పెళ్లిపత్రికలు, అర్జీలు, ఫ్లెక్సీల మీద రాతలు. వాటితో పాటు నెలకోసారి వికారాబాద్ నుంచి ఒక చిన్న క్రైస్తవ మాసపత్రిక పేజీలు వచ్చేవి. రిటైరైన టీచరు పద్మారాణి దాన్ని నడిపేది. అందులో ఉండేవన్నీ సాక్ష్యాలే. ఒకరికి కిడ్నీలు పాడయ్యాయి, ఒకరి కొడుకు లారీ కింద పడ్డాడు, ఒకరి ఇల్లు కాలిపోయింది. చివరి పేరాలో దేవుడు ఆదుకున్నాడు. ఆ పేరా దాకా వచ్చేసరికి రెబెక్కకు ఊపిరాడేది కాదు.

ఒక నెల ఎనిమిదో పేజీలో సగం ఖాళీ మిగిలింది. ఆమె పద్మారాణికి ఫోన్ చేసింది.

"ఏదన్న బైబిల్ వాక్యం పెట్టి నింపు రెబెక్కా."

"నేనొకటి రాస్త మేడమ్. జర నవ్వొచ్చేటిది. బాగలేకుంటే తీసేద్దాం."

తమ చర్చికి కొత్తగా కొన్న మైకు గురించి రాసింది. పాస్టరు అయ్యగారు "ప్రభువు ఏమి సెలవిచ్చాడంటే" అని ఆగిన చోటల్లా, రోడ్డు మీది ఆటో మైకు "ఉల్లిగడ్డలూ" అని అందుకుంటుంది. అంతే కథ. అచ్చయిన వారానికే పద్మారాణికి పన్నెండు ఫోన్లు వచ్చాయి. "ఇన్నేండ్లల్ల సాక్ష్యాలకు ఒక్క ఫోన్ రాలే. నెలనెలా రాయి" అంది ఆమె.

ఆ మాటతో రెబెక్క నడకే మారింది. షాపులో గిరాకీ లేనప్పుడు రాసేది. బస్సులో కూర్చుని నవ్వుకునేది. ఆదివారం చర్చిలో అందరూ కళ్లు మూసుకుంటే తాను మాత్రం తెరిచి చూసేది, ఎవరేం చేస్తున్నారో అని. అట్లా చూస్తుండగానే దేవప్ప కంటపడ్డాడు.

దేవప్పకు అరవై దాటాయి. పెద్దేముల్ నుంచి షేర్ ఆటోలో వచ్చి, కిటికీ పక్కన చాప మీద కూర్చునేవాడు. ప్రసంగం మొదలైన కాసేపటికే కళ్లు మూసేవాడు. ఒక ఆదివారం అయ్యగారు, "నా ప్రసంగం మరీ పొడుగైతున్నదా?" అని నవ్వుతూ అడిగి ఆగాడు. దేవప్ప తలెత్తి గట్టిగా "ఆమెన్!" అన్నాడు. అయ్యగారితో సహా అందరూ పగలబడి నవ్వారు.

ఆ నెల కథ కోసం రెబెక్క పెద్దగా కష్టపడనక్కర లేకపోయింది. ప్రసంగం మొదలవగానే కునికి, తప్పు చోటల్లా లేచి ఆమెన్ అనే ముసలాయన. పేరు కునుకుల పేతురు.

చదివి పద్మారాణి చాలాసేపు నవ్వింది. ఆ తర్వాత, "ఎవరన్న ఉన్నరా గిట్ల?" అని అడిగింది.

"పేరు మార్చిన మేడమ్."

"పేరొక్కటేనా?"

రెబెక్క నవ్వింది. కథ అచ్చయింది.

యూత్ గ్రూపు పిల్లలు ఆ పేజీని ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టారు. ఒకడు దేవప్ప ఆమెన్ అనడాన్ని రికార్డు చేసి పాటకు కలిపాడు. ఆదివారం ఆయన గుమ్మంలో అడుగు పెట్టగానే పిల్లలు "పేతురు తాతా, ఆమెన్!" అని అరిచేవాళ్లు. దేవప్ప కూడా నవ్వుతూ చెయ్యి ఊపేవాడు. ఆయనా సరదాగానే తీసుకున్నాడనుకుంది రెబెక్క. అయిదు వారాలు అట్లా గడిచాయి. ఆరో వారం ఆయన రాలేదు. ఆ తర్వాతి వారమూ రాలేదు.

క్రిస్మస్‌కు కూడా కనిపించకపోయేసరికి ఆమె పెద్దేముల్ వెళ్లింది. దేవప్ప వాకిట్లో కూర్చుని మంచానికి నులక అల్లుతున్నాడు. ఆమెను చూసి చేతులు జోడించాడు.

"వందనాలు పెద్దయ్యా. నా కథ వల్ల మీరు చర్చికి వస్తలేరని..." ఆమె కూడా చేతులు జోడించింది. "తప్పయింది. నన్ను క్షమించుండ్రి."

ఆయన తలూపాడు. "అమ్మ బాగున్నదా?" అని అడిగాడు.

ఆమెకేమీ అర్థం కాలేదు. మళ్లీ చెప్పింది. ఆయన మళ్లీ తలూపి, "ఆ, మంచిది, మంచిది" అన్నాడు. ఇంట్లోంచి ఆయన భార్య భాగమ్మ వచ్చింది.

"ఎంత జెప్పినా ఇనబడది బిడ్డా. ఆయనకు చెవులు లేవు."

రెబెక్క దేవప్ప వైపు తిరిగి చూసింది.

"కరణ్‌కోట దిక్కు బండల పాలిష్ కాడ ఇరవై రెండేండ్లు చేసిండు. ఆ మిషన్ సప్పుడుకు చెవులు పూరా పోయి ఆరేండ్లాయె. పనికెల్లి తీసేస్తరని ఎవలకు చెప్పనియ్యలే. పని ఇడిసినంక సిగ్గుపడి చెప్పనియ్యలే."

"మరి చర్చికి..."

"వచ్చి కూసుంటుండె గదా. అయ్యగారి మూతి జూసి జూసి కండ్లు గుంజుతయని మూసుకుంటుండె. నిద్రగాదు బిడ్డా, లోపల తనే ప్రార్థన చేసుకునెటోడు. పక్కోళ్లు కదిలితే అయిపోయిందనుకొని ఆమెన్ అంటుండె."

దేవప్ప నులక పక్కన పెట్టి ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తున్నాడు.

"పోరగాండ్లు నవ్వుతుంటే, తనను జూసి సంబురపడుతున్నరనుకున్నడు. ఇంటికొచ్చి నాకు చెప్పుకునెటోడు, పిల్లలకు నేనంటే మస్తు ఇష్టమే అని." భాగమ్మ కొంగుతో మూతి తుడుచుకుంది. "మా మనుమరాలు భవ్యశ్రీ ఫోన్ల జూసి నీ కథ నాకు చదివింది. ఇగ పోవద్దని నేనే చేతులతోని చెప్పిన. ఎందుకని గుంజి గుంజి అడిగిండు. చెప్పక తప్పలే."

రెబెక్క బ్యాగులోంచి కాగితం తీసి పెద్ద అక్షరాలతో 'క్షమించండి' అని రాసి ఆయన ముందు పెట్టింది. ఆయన కాగితాన్ని తీసుకుని, అటూ ఇటూ తిప్పి, భార్య వైపు చూశాడు.

"సదువు రాదు బిడ్డా" అంది భాగమ్మ.

రెబెక్క ఆయన చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ఆయన చెయ్యి విడిపించుకోలేదు. తిరిగి పట్టుకోనూ లేదు. కాసేపయ్యాక భాగమ్మ ఆమెను గేటు దాకా సాగనంపింది.

"ఇంకోసారి రాకు బిడ్డా. నువ్వొస్తే ఊరోళ్లకు మల్ల యాదికొస్తది."

మరునాడు రెబెక్క రైలెక్కి వికారాబాద్ వెళ్లి పద్మారాణి ముందు కూర్చుంది. పత్రికలో క్షమాపణ వెయ్యమంది. పద్మారాణి కళ్లజోడు తీసి పక్కన పెట్టింది.

"ఏమని రాస్తవ్? ఆ పెద్దమనిషికి చెవులు ఇనబడవని రాస్తవా? ఆరేండ్ల సంది ఆయన దాసుకున్నది అదే కదా."

"మరి నేనేం చెయ్యాలె మేడమ్?"

"నాకు తెల్వదు. అడిగి గూడ అచ్చేసినదాన్ని నేను."

అయ్యగారితో మాత్రం రెబెక్క ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన రెండుసార్లు పెద్దేముల్ వెళ్లి వచ్చాడు. పిల్లలను కోప్పడి ఆ రికార్డింగ్ తీయించాడు. దేవప్ప మాత్రం రాలేదు. ఆదివారాలు ఇంట్లోనే కూర్చుంటున్నాడట, కళ్లు మూసుకోవడం కూడా మానేశాడట.

రెబెక్క రాయడం మానేసింది. ఎనిమిదో పేజీలోకి మళ్లీ వాక్యాలు వచ్చాయి, వాటిని ఆమే టైపు చేసేది. ఎవరైనా చర్చిలో నవ్వితే ఆమె తల దించుకునేది. రాత్రి ప్రార్థనకు కూర్చుంటే ఏమనాలో తోచేది కాదు. వినబడని మనిషికి చెప్పుకున్న మాటలే నోట్లో తిరిగేవి.

మార్చిలో ఒక మధ్యాహ్నం షాపుకు ఫోన్ వచ్చింది. కుల్కచర్ల నుంచి శంకరమ్మ అనే ఆమె. నంబరు పద్మారాణి ఇచ్చిందట.

"కథలు రాసే రెబెక్కమ్మ మీరేనా? మా అమ్మ ఏడాది సంది మంచంల ఉందమ్మా. ఎవలతోటి మాట్లాడది, తినది. మొన్న మీ కథ చదివి ఇనిపిస్తే నవ్వింది. రెండుసార్లు చదివిపిచ్చుకున్నది. మల్ల ఎప్పుడు రాస్తరు?"

"ఏ కథ?" రెబెక్క అడిగింది. ఆమెకు తెలుసు.

"గదేనమ్మా, కునుకుల పేతురుది."

రెబెక్క ఫోన్‌ను రెండో చెవికి మార్చుకుంది. అవతల శంకరమ్మ "అమ్మా, ఉన్నరా?" అంటోంది. ఇస్మాయిల్ ప్రింటర్ దగ్గర నుంచి తలెత్తి చూశాడు.

"ఉన్న" అంది చివరికి. "మీ అమ్మను అడిగినని చెప్పుండ్రి."

ఫోన్ పెట్టేసింది. తెర మీద ఒక పెళ్లిపత్రిక సగంలో ఉంది. పెళ్లికొడుకు పేరు టైపు చేయడం మొదలుపెట్టింది. మూడుసార్లు తప్పు పడింది.