నక్క కిందికి చూడనంతసేపు

ఆదివారం పొద్దున టీవీలో కార్టూన్లు మొదలయ్యే వేళకే హైమవతి టీ పెట్టాలి. ఛత్రినాకలో వాళ్ల గల్లీ మొత్తానికి వీళ్లింట్లోదొక్కటే టీవీ మరి! వచ్చినవాళ్లందరికీ గ్లాసులు అందేసరికి ఆ బొమ్మలు కాస్తా అయిపోతాయి. ఏడాదిగా ఆమె వాటిని వంటింట్లోంచి చెవులతోనే చూస్తోంది. ఢాం అని మోత, పిల్లల కేరింత, వెంటనే భర్త వెంకట్రావు గొంతు: "అంతా అబద్ధం! అలా ఎక్కడా జరగదు."

వెంకట్రావు కంచన్‌బాగ్‌లో ఒక ల్యాబులో పనిచేస్తాడు. చేసేది సెలవు చీటీలు ఫైల్లో పెట్టడమే అయినా గల్లీకి ఆయనే సైంటిస్టు. ఫిజిక్స్‌లో డిగ్రీ ఉన్న హైమవతికి మాత్రం పాలెప్పుడు పొంగుతాయో తెలిస్తే చాలని ఇంట్లోవాళ్ల లెక్క. పక్క వీధిలో బడి నడిపే బాలనర్సింహ సైన్సు చెప్పడానికి రమ్మని కబురు పెడితే, "ఇల్లెవరు చూస్తారోయ్?" అన్నాడు వెంకట్రావు. "నా కాఫీ ఎవరిస్తారే?" అంది అత్తగారు శారదాంబ. జవాబు కోసం ఇవాళ బాలనర్సింహే వచ్చి కూర్చున్నాడు. వెళ్లాలని హైమవతి ప్రాణం కొట్టుకుపోతోంది.

"అమ్మా, జల్ది రా! నక్క గాల్ల ఉరుకుతుంది!" పాలు పోసే బుచ్చమ్మ ముందుగదిలోంచి కేకేసింది.

హైమవతి స్టవ్ ఆపేసి, కూరకని తీసిన కందదుంప, వెల్లుల్లి రెబ్బతోనే పరుగెత్తింది. కోడి వెంటపడ్డ నక్క కొండ అంచు దాటి గాలిలోనే నాలుగడుగులు వేసింది. పడలేదు! కాళ్ల కింద నేల లేదని చూసుకున్నాకే, పాపం, మొహం వేలాడేసి జారిపోయింది. దాని వెనకే ఓ బండరాయి. హైమవతి పకపకా నవ్వేసింది. అలా నవ్వి ఎన్నేళ్లయిందో!

"నలుగురిలో ఏమిటా నవ్వు?" అంది అత్తగారు.

"తప్పు!" అన్నాడు వెంకట్రావు టీవీతో. "బరువైందే ముందు పడుతుంది. రాయి తర్వాతే నక్క పడాలి."

"కాదండీ," అనేసింది హైమవతి. అయ్యో అనుకునేలోపే స్టూలెక్కేసింది కూడా. ఒక చేతిలో కందదుంప, ఇంకో చేతిలో వెల్లుల్లి రెబ్బ. చేతులు చాచి ఒక్కసారే వదిలింది. ధబ్! రెండూ ఒకేసారి నేల తాకాయి. "మళ్లీ! మళ్లీ!" అని పిల్లల గోల. మూడోసారికి కంద దొర్లుకుంటూ తన మీదికి రావడంతో వెంకట్రావు కాళ్లు ముడుచుకున్నాడు.

"మస్తుందమ్మా! సారు ఇన్ని దినాలు గలత్ చెప్పిండన్నట్టు," అంది బుచ్చమ్మ. "మరి నక్కెట్ల ఆగింది గాల్ల?"

"అది మాత్రం అబద్ధమే బుచ్చమ్మా. అయినా ఎంత బావుందో!"

బాలనర్సింహ నవ్వు ఆపుకుంటూ, "మేడం, మా పోరగాండ్లకు గిట్లనే చెప్పాలె. రేపటి సంది వస్తరా?" అన్నాడు.

గదంతా వెంకట్రావు వైపు తిరిగింది. ఏ ప్రశ్నకైనా జవాబిచ్చే ముందు ఆయన మొహం చూడడం హైమవతికి పదేళ్ల అలవాటు. ఇప్పుడూ తల సగం తిరిగింది. అంతలో నక్క గుర్తొచ్చింది. చూసినందుకే కదా అది పడింది!

తల బాలనర్సింహ వైపు తిప్పేసుకుని, స్టూలు మీంచే అంది: "వస్తానండీ."