అరికాలి చుక్క

కరోనా రెండోసారి విరుచుకుపడ్డ ఎండాకాలమది. పటమటలోని ఆ ఫ్లాటు తలుపు తెరుస్తూనే రాజ్యశ్రీ రోజూ ఒకటే అడిగేది.

"ఎక్కడికన్నా వెళ్ళావా, సంపూర్ణమ్మా?"

"లేదమ్మా" అన్నాకే లోపలికి రానిచ్చేది. సంపూర్ణమ్మకు అందులో తప్పు కనిపించలేదు. పసిబిడ్డను చూసుకునే ఆయా ఊళ్ళు తిరిగొస్తానంటే ఏ తల్లి ఊరుకుంటుంది? పైగా ఎవరూ గడప దాటకూడదని రెండు ఇళ్ళవాళ్ళూ కలిసి అనుకున్న మాటే. సంపూర్ణమ్మ భర్త లాజరు ఉబ్బసం మనిషి. కరోనా ఇంటికొస్తే ఆయన దక్కడు. అందుకే ఉయ్యూరులో మనవడి బాప్తిస్మం కూడా ఆవిడ ఫోన్లోనే చూసి కళ్ళు తుడుచుకుంది.

ఆ సోమవారం, ఏడాది నిండని కిరీటిని కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోస్తుంటే, వాడి అరికాల్లో నల్లటి మచ్చ కనిపించింది. వేలితో రుద్దితే వేలికి అంటింది. కాటుక. ఎవరో దిష్టిచుక్క పెట్టారు.

ఇదేం విడ్డూరమో సంపూర్ణమ్మకు అంతుబట్టలేదు. పిల్లాడి ఒళ్ళు పొక్కుతుందని రాజ్యశ్రీ కాటుక డబ్బా ఇంట్లోకే రానివ్వదు. ఇంట్లో ఉన్నదల్లా అమ్మా నాన్నా, రెండు కంప్యూటర్లూను. ఇక వీడికి తగలడానికి దిష్టి ఎక్కణ్ణుంచి వస్తుంది? బుగ్గ చూసింది. అక్కడ శుభ్రంగా తుడిచేశారు. పాదం సంగతే మరిచిపోయినట్టున్నారు.

వాణ్ణి తువ్వాల్లో చుట్టుకుని హాల్లోకి వచ్చింది.

"బాబుకి దిష్టిచుక్క ఎవరు పెట్టారమ్మా?"

"నేనే పెట్టాలే."

"ఇంట్లో ఎవరున్నారని?"

రాజ్యశ్రీ భర్త గోపీనాథ్ చెవుల్లోని ఇయర్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు.

"నిన్న కంకిపాడులో మా బాబాయి కూతురి పెళ్ళి. వెళ్ళక తప్పలేదు. మా అమ్మ పెట్టింది" అన్నాడు.

"చెప్తే నువ్వు రావేమోనని భయమేసింది" అంది రాజ్యశ్రీ. "నువ్వు రాకపోతే మా ఉద్యోగాలు సాగవు."

పొద్దుట్నుంచీ సంపూర్ణమ్మ పిల్లాణ్ణి గుండెకు హత్తుకునే తిరుగుతోంది.

"మీరు నన్ను రోజూ అడిగేవారు. నేను మిమ్మల్ని ఒక్కనాడూ అడగలేదు" అంది.

అక్కడే నిలబడి లాజరుకు ఫోన్ చేసింది. "కొన్నాళ్ళు నేను రాను. పక్కింటి రూతు అన్నం తెస్తుంది, గుమ్మం దగ్గరే పెట్టి పొమ్మను" అని చెప్పింది. కారణం అడిగితే వచ్చాక చెప్తానంది. ఆ రాత్రి నుంచి వాళ్ళ బాల్కనీ పక్క గదిలోనే పడుకుంది. పరీక్షల్లో ఎవరికీ ఏమీ లేదని తేలాకే ఇల్లు చేరింది.

మర్నాడు తలుపు తీసిన రాజ్యశ్రీ అలవాటుగా నోరు తెరవబోయింది. గుమ్మం అవతలే నిలబడి సంపూర్ణమ్మ ముందుగా అడిగేసింది.

"ఎక్కడికన్నా వెళ్ళారా, అమ్మా?"

రాజ్యశ్రీ ముఖం ఎర్రబడింది. "లేదు, సంపూర్ణమ్మా."

సంపూర్ణమ్మ చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. ఆవిణ్ణి చూడగానే కిరీటి కేరింతలు కొడుతూ చేతులు చాచాడు. వాణ్ణి ఎత్తుకోబోయే ముందు, ఆవిడ వాడి అరికాళ్ళు రెండూ తిప్పి చూసుకుంది.