పద్నాలుగు మూతిగుడ్డలు

కోస్గి బజారు వెనుక మల్లప్ప సావుకారు రేకుల కొట్టంలో ఆ వేసవి పద్నాలుగు మంది ఆడవాళ్లు విత్తనపు పల్లికాయ వొలుస్తున్నారు. యంత్రానికి వేస్తే గింజ పగులుతుంది, పగిలిన గింజ మొలవదు. అందుకని బొటనవేళ్లతో నొక్కి వొలవాల్సిందే. పొద్దు గూకేసరికి గోళ్లు లేచి నెత్తురు చిమ్మేవి. అయినా పాటలు పాడుకునేవారు, ఒకరినొకరు ఆటపట్టించుకునేవారు, మధ్య మధ్య పగిలిన గింజ కనపడితే నోట్లో వేసుకునేవారు. పగిలిన గింజ వొలిచినవాళ్లదే అన్నది ఆ ఊరి వాడుక. సావుకారు తాతల నాటి నుంచి దాన్ని దొంగతనమన్నవాడు లేడు. అలా అనడానికి ఒక చదువుకున్నవాడు రావలసి వచ్చింది.

ఆ చదువుకున్నవాడు ఇస్రాయేలు. పద్నాలుగు మందిలో ఒకతైన జానమ్మ కొడుకు. పాలమూరు మిషను బడిలో చదివి, హైదరాబాదులో కామర్సు డిగ్రీ రెండో ఏడు ముగించి సెలవులకు ఇంటికి వచ్చాడు. వాళ్ల వాడలో డిగ్రీ గడప తొక్కిన మొదటి మనిషి. ఆ కళాశాలలో ఒక నియమం ఉంది. సెలవుల్లో ప్రతి విద్యార్థీ ఏదో ఒక వ్యాపారాన్ని చూసి, నష్టం లేకుండా దాన్ని ఎలా నడపాలో రాసి, యజమాని సంతకంతో తేవాలి. అది లేనిదే మూడో ఏట అడుగు పెట్టనివ్వరు.

ఇస్రాయేలు సావుకారు దగ్గరికి పోయాడు. "కొన్న కాయకు తగ్గ గింజ వస్తలేదు. యాడ పోతాందో చెప్పు, సంతకం నేను పెడ్త," అన్నాడు మల్లప్ప.

మూడు రోజులు గోదాములో త్రాసు పక్కన కూర్చుని లోపలికి పోయే కాయ, బయటికి వచ్చే గింజ తూచాడు. కొట్టంలోకి మాత్రం ఒక్కసారీ తొంగిచూడలేదు. నాలుగో రోజు, కళాశాలలో చదువంతా ఉర్దూలోనే కనుక, ఉర్దూలో ఇరవై పుటలు రాశాడు. కూలీలు తినడం వల్లే తరుగు వస్తోందట. పనివేళ నోటికి గుడ్డ కట్టిస్తే తరుగు ఆగుతుందట, దుమ్ము పోకుండా వాళ్ల ఆరోగ్యానికీ మేలేనట! చూశారా చదువరులారా, ఎంత దయ! ఆ కూలీల్లో తన తల్లి ఉన్న సంగతి అతనికి తెలియక కాదు. కాగితం మీద కూలీలు అని రాస్తే అందులో ఎవరి ముఖమూ కనపడదు, అంతే.

సావుకారు మురిసిపోయి అప్పటికప్పుడు సంతకం గీకాడు. మర్నాడు పొద్దున్నే పద్నాలుగు మూతిగుడ్డలు కుట్టించాడు. మధ్యలో ఎవరూ విప్పకుండా మెడ వెనుక ముడి మీద లక్క ముద్ర కూడా వేయించాడు. కాగితంలో ఆ ముద్ర లేదు. కానీ దారి చూపింది కాగితమే.

ఆ మిట్ట మధ్యాహ్నం ఇస్రాయేలు ఇంట్లో సంచి సర్దుకుంటుంటే తల్లి వచ్చింది. రెండు చెంపల మీదా గుడ్డ ఒరుసుకున్న ఎర్రటి చారలు.

"ఏమైందమ్మా? పని ఇడిసిపెట్టి వచ్చినవేంది?"

జానమ్మ ముందు చెంబెడు నీళ్లు గడగడా తాగింది. "మాతోని వొలిసే ముసలి హుస్సేన్ బీ పడిపోయింది. నీళ్లు కావాలని అడుగుదామంటే నోరు లేకపాయె. చెయ్యి ఊపితే ముసల్ది ఈగలు తోలుకుంటాందనుకున్నం. నేను ముద్ర తెంపి ఒర్రితే అప్పుడు నీళ్లు తెచ్చిన్రు. ముద్ర తెంపినందుకు నన్ను ఎల్లగొట్టిన్రు."

"గంత అన్యాలమా! ఎవడు చెప్పిండు గట్ల ముద్రలు వెయ్యమని?"

ఆమె కొడుకు ముఖంలోకి సూటిగా చూసింది. "నీ కొడుకే రాసిచ్చిండని సావుకారు అందరి ముంగట చెప్పిండు. నా మూతి కట్టి ఉండె గద, ఏమని జవాబు చెప్పాలె?"

ఇస్రాయేలుకు ఒళ్లంతా మంట పుట్టింది. సావుకారు మీద కోపం, దానికి రెండింతలు తన మీద కోపం. చెప్పులు కూడా వేసుకోకుండా కొట్టానికి పరుగెత్తాడు. హుస్సేన్ బీని బయట నీడలో పడుకోబెట్టి ఉన్నారు. "గా గుడ్డలు ఇప్పించుండ్రి సావుకారూ!" అని అరిచాడు.

"నువ్వు రాసిందే చేసిన గదయ్యా," అన్నాడు మల్లప్ప నిమ్మళంగా.

ఆ మాటకు జవాబు ఆడవాళ్ల దగ్గర ఉంది. వెనకాలే వచ్చిన జానమ్మ గుమ్మంలో నిలబడి, "లేవుండ్రే!" అన్నది. అందరూ లేచారు. ముద్రలు తెంచి గుడ్డలు కింద పడేశారు. విత్తనాలు వేసే మిరుగు కార్తె పది రోజుల్లో ఉంది. విత్తనం వొలవకపోతే నష్టపోయేది ఎవరో సావుకారుకు ఎవరూ తూచి చెప్పనక్కర లేదు. సాయంత్రానికల్లా గుడ్డల మాట ఎత్తనన్నాడు, జానమ్మనూ పనికి రమ్మన్నాడు.

మర్నాడు ఇస్రాయేలు వాళ్ల నడుమ చతికిలబడి పొద్దంతా కాయ వొలిచాడు. గంట గడవకముందే అతని బొటనవేలు చిట్లింది. నవ్వుతూనే ఒకావిడ తన కొంగు చింపి కట్టు కట్టింది. పిడికెడు కాయ తీస్తే అందులో రెండు మూడు గింజ లేని తాలు కాయలు. పొట్టుకు గడ్డకట్టిన నల్లమట్టి. "సలికాలంల తడికాయ కొని మూటలు కట్టిండు. ఎండితే తూకం తగ్గదా మరి?" అంది జానమ్మ. మూడు రోజులు త్రాసు చెప్పని సంగతి ఆ తల్లి ఒక్క మాటలో చెప్పింది. అడిగి ఉంటే మొదటి రోజే చెప్పేది.

అతను మళ్లీ రాశాడు. పోయింది తడి, మట్టి, తాలు. తప్పు కొన్నవాడిది, వొలిచినవాళ్లది కాదు.

"దీని కింద సంతకం పెడితే నేనే తెలివితక్కువోన్నని ఒప్పుకున్నట్టు," అని సావుకారు కాగితం విసిరికొట్టాడు. "మొదటిది ఉన్నది గద. అదే తీస్కపో, పాసవుతవు."

నిజమే. సంతకంతో ఉన్న కాగితం సంచిలోనే ఉంది. అది చూపిస్తే మూడో ఏడు, ఆ తర్వాత పట్టా, నౌకరీ. ఇస్రాయేలు ఆ ఇరవై పుటలనూ సావుకారు కళ్లముందే చింపేశాడు.

ఆ సాయంత్రం కొత్త కాగితంలోని ప్రతి వాక్యాన్నీ తెలుగులో చెప్పి ఆడవాళ్లకు వినిపించాడు. ఒప్పుకున్నాకే వాళ్లు వేలిముద్రలు వేశారు. మంచంలో ఉన్న హుస్సేన్ బీ కూడా వేసింది. కాయ నొక్కి నొక్కి వేళ్ల మీది గీతలు అరిగిపోయాయి, సిరా మరకలు తప్ప ముద్రలు సరిగ్గా పడలేదు.

కళాశాలలో అధికారి ఆ మరకలు చూసి ముఖం చిట్లించాడు. "యజమాని సంతకం ఏది? ఇవి ఎవరివి?"

"ఆ పని చేసేవాళ్లవి సార్."

"చెల్లవు," అని కాగితం వెనక్కి తోశాడు. ఎందరి చెమట మీదో నడిచే వ్యాపారం గురించి, ఆ చెమటోడ్చేవాళ్ల సాక్ష్యం ఆ గదిలో చెల్లలేదు!

ఏడాది చదువు పోగొట్టుకుని తలవంచుకుని వచ్చిన కొడుకు ముందు జానమ్మ జొన్నరొట్టె పెట్టింది. "యాడాది పోతే పోనీ, మల్ల పో, సదువు," అన్నది. "కని బిడ్డా, మనిషి మూతి కట్టమని చెప్పే సదువు ఎన్నేండ్లు సదివినా సదువు గాదు. కష్టం చేసేటోళ్ల పక్కన కూసోని ముందుగాల అడుగు, అటెన్క రాయి."