పేరు చెబితే పోయే మందు

లాక్‌డౌన్ రోజుల్ని తలుచుకుని బెంగపడేది అరకు కొండల్లో నేనొక్కదాన్నేనేమో. ఆశా కార్యకర్తని కదా, ఆ రోజుల్లో ఇల్లిల్లూ తిరిగి నా కాళ్లరిగిపోయిన మాట నిజమే. అయినా బుధవారం వస్తే చాలు, మా కాఫీ తోట మీది బండరాయి గుర్తొస్తుంది.

అప్పట్లో ఫోన్‌కి సిగ్నల్ అందేది ఆ రాయి మీదే. మా అత్త రాజులమ్మకి ఆ మాఘంలోనే విశాఖలో రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్ అయింది. రోజుకో గోళీ చొప్పున ఐదేళ్లు మింగాలన్నారు. ఇంతలో జీపులు ఆగిపోయాయి. ప్రతి బుధవారం ఫోన్లోనే చూస్తానన్నారు డాక్టర్ మాధవి గారు. కొండెక్కేంతసేపూ అత్త నన్ను తిట్టేది. ఫోన్లో డాక్టరమ్మ కనబడగానే కొంగు సర్దుకుని కొత్త పెళ్లికూతురయ్యేది. గోళీతో పాటు చోడి అంబలి, అదే రాగి జావ, మానొద్దనేవారు డాక్టరమ్మ, ఊపిరి కసరత్తులూ చేయించేవారు.

"ఊపిరి పీల్సడానికి కూడా డాట్రు కావాలేటే గుంటా!" అని నవ్వేది అత్త. ఆ నవ్వు కోసమే నేను కొండెక్కేదాన్ని. మేమిద్దరం అంత స్నేహంగా ఉన్నది ఆ బుధవారాల్లోనే.

జ్యేష్ఠంలో అత్త కళ్లు పచ్చబడ్డాయి. పీహెచ్‌సీ నర్సు రక్తం తీసి పరీక్షకి పంపితే, కాలేయం దెబ్బతింటోందని తేలింది.

"ఇంకేమైనా మందు తాగుతున్నారా?" అడిగారు డాక్టరమ్మ.

"నేదమ్మా," అంది అత్త, కొండదేవత మీద ఒట్టేసినంత ధీమాగా.

నాకు ఒళ్లు మండింది. ఆపరేషన్ వాపు తగ్గాలని తెల్లారగానే ఆవిడ వేరు కషాయం తాగడం నేను చూస్తూనే ఉన్నాను. ఇచ్చేది ఆవిడ అన్న సుక్రు మామ. వాపులకు ఆయన వేరంటే చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ గురి. అదేం వేరో మాత్రం ఎవరికీ తెలియదు. మందు పేరు పైకి చెబితే, చెప్పినవాడి చేతిలో అది చచ్చిపోతుందని మా వాళ్ల నమ్మకం. తండ్రి పోయేముందు కొడుకు చెవిలో చెబుతాడు, అంతే.

ఫోన్ లాక్కుని అంతా చెప్పేశాను. డాక్టరమ్మ కోప్పడలేదు.

"ఏ వేరో తెలియాలి నీలవేణీ. వచ్చే బుధవారం దాకా రెండూ ఆపండి. హాని చేసింది ఆ వేరేనని తేలితే, గోళీ మళ్లీ మొదలుపెడతాను. తెలియకపోతే గోళీ ఇవ్వలేను. ఇవ్వకపోతే జబ్బు తిరగబెట్టొచ్చు."

ఆ సాయంత్రం సుక్రు మామ వాకిట్లో నిలబడి నోటికొచ్చినట్టు అరిచాను.

"నీ సెల్లి కన్నా నీ వేరు ఎక్కువేటి?"

ఆయన చుట్ట కాలుస్తూ కూర్చున్నాడు. గోడతో మాట్లాడినా నయమనిపించి వచ్చేశాను.

బుధవారం మేం వెళ్లేసరికి ఆయన రాయి మీద ఉన్నాడు. చేతిలో మట్టి వదలని వేరు, దాని ఆకు, కాయ. ఒక్కొక్కటీ ఫోన్‌కి చూపించి, పేరు చెప్పాడు. అత్త చెవులు మూసుకుంది. నాకూ మూసుకోవాలనే అనిపించింది, కానీ ఫోన్ పట్టుకున్నది నేనే.

"నాకిది ఇంక పనిసెయ్యదు," అన్నాడు మామ. "నీ గోలీ పనిసెయ్యాల డాట్రమ్మా."

పనిచేసింది. హాని వేరువల్లేనని డాక్టరమ్మ తేల్చారు. రెండు నెలల్లో కళ్లు తెల్లబడ్డాయి, గోళీలు మళ్లీ మొదలయ్యాయి. అత్త ఇప్పటికీ నామీద అరుస్తూనే ఉంది, చల్లగా ఉండాలి.

నిరుడు చలికాలంలో సుక్రు మామకి మోకాళ్లు గుమ్మడికాయల్లా వాచాయి. మాత్రలకు తగ్గలేదు. ఆ వేరు ఆయన పెరటి వెనకే ఉంది. కాస్త నూరి పైన పట్టు వేస్తానంటే వద్దన్నాడు.

"అది సచ్చిపోనాది గుంటా."

పక్కనే ఉన్న అత్త ఆయన కాళ్లు ఒళ్లోకి తీసుకుని, ఏడుస్తూ నూనె రాసింది.